జీలుగులంక జోలపట్టీ

భూలక్ష్మి చచ్చిన కుక్కను సంచిలో పెట్టుకుని వరద శిబిరానికి తెచ్చిందని, దాన్ని బల్ల కింద దాచి పూటకోసారి పలకరిస్తోందని పల్లాలమ్మ అందట. పల్లాలమ్మది పొరుగు లంక. ఏటిగట్టు మీది హైస్కూల్లో, ఆరో తరగతి గదిలో, భూలక్ష్మి వాళ్ళ చాప పక్కనే వాళ్ళ చాప. ఆ మాట ఆవిడ తోడికోడలి చెవిన వేసింది. తోడికోడలు గంజి వారుస్తున్న ఆడవాళ్ళకి చెప్పింది. అక్కణ్ణుంచి బడి అరుగు మీద చుట్టలు కాల్చుకుంటున్న మగవాళ్ళ దగ్గరికి చేరేసరికి ఒక కుక్క కాస్తా పదైంది. జీలుగులంక జనమంతా తలో కుక్క శవాన్ని నెత్తిన పెట్టుకుని పడవ దిగారన్నంత దాకా పోయింది. చచ్చాయన్న ముక్క ఒక్కటి తీసేస్తే, ఆ చివరి మాట నిజమే.

"ముట్టుకుంటే చల్లగా ఉందంటండీ. ఒక్క ఈగ కూడా వాలట్లేదంట," అంది తోడికోడలు.

"ఈగ వాలకపోతే అది చచ్చినట్టెలా అవుద్దే?" అన్నాడు అరుగు మీది ముసలాయన.

తేల్చుకుందామని అందరూ ఆరో తరగతి గదికి బయల్దేరారు. భూలక్ష్మి మొగుడు అబ్బులు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచే మనిషి, నోరు మాత్రం ఎక్కడా ఆగదు.

"రండి రండి. టిక్కెట్టేం లేదు, చెప్పులిప్పి రండి చాలు," అంటూ బల్ల కింద నుంచి సంచి లాగాడు.

మందపాటి గోనెగుడ్డతో కుట్టిన సంచి, లోపల వెదురు తడిక. అందులో ఎర్రమట్టి రంగు కుక్క ముక్కు తోకలో దూర్చుకుని ముడుచుకుపోయి ఉంది. మెడకి వేలెడు వెడల్పు పట్టీ. పట్టీ మీద పెసరగింజంత పచ్చదీపం. ముట్టె దగ్గర మడత నలగని చీర ఒకటి.

"దాని డొక్కకేసి చూడండి," అన్నాడు అబ్బులు.

చూశారు. డొక్క కదల్లేదు. ఎవరో దగ్గారు. వెనక నించున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచారు.

"ఏదయ్యా?"

"ఆగవయ్యా బాబూ. అది మనలాగా తొందరపడదు."

చూడగా చూడగా, ఇంక చాల్లే అని పల్లాలమ్మ వెనక్కి తిరగబోతుండగా, కుక్క డొక్క నెమ్మదిగా లేచింది. లేచి, కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ అంత నెమ్మదిగానూ దిగింది. గదిలో అందరూ తమకి తెలియకుండానే ఊపిరి బిగబట్టుకున్నట్టున్నారు, ఒక్కసారే వదిలారు.

"బతికే ఉందే! మరయితే దీనికి కూడెవరెడతన్నారు?" అంది పల్లాలమ్మ.

"ఎవరూ పెట్టక్కర్లేదు పల్లాలమ్మగారూ," అంది భూలక్ష్మి, సంచి మూత సర్దుతూ. "దానికి ఆకలి తెలీదు, ఉరుము తెలీదు. గోదారొచ్చిందని కూడా తెలీదు. పొద్దుటో పక్కకి, సాయంత్రం ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టడమే. మా అక్క కూతురు కనిపెట్టింది."

"మరి మాట్లాడతన్నావంట?"

"దానితో మాట్లాడకుండా నాకు తెల్లారదండీ. వినబడకపోతే నష్టమేటి?"

ఆ పట్టీ పుట్టడానికి అబ్బులు తుంటి విరగడం కారణం.

నాలుగేళ్ళ కింద గోదావరి పొంగినప్పుడు జీలుగులంకకి పడవ వచ్చింది. మనుషుల్ని ఎక్కించుకున్నారు, దూడల్ని ఎక్కించుకున్నారు, కుక్కల్ని మాత్రం కాదన్నారు. పడవవాళ్ళనీ అనడానికి లేదు. అంతకు ముందు ఏడు రెండు కుక్కలు నడి ఏట్లో కలబడితే పడవ ఒరిగి, పసిపిల్లని జుట్టు పట్టుకుని పైకి లాగాల్సొచ్చింది. ఎక్కినవాళ్ళంతా తమ కుక్కలకేసి చూడకుండా తలొంచుకుని కూర్చున్నారు. భూలక్ష్మి మాత్రం పడవ దిగిపోయింది.

"దొరని ఒగ్గేసి నేను రాను. మీరెళ్ళండి," అంది.

దొర అంటే ఆ ఎర్రకుక్క. కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు గుర్రపుడెక్క దుబ్బు మీద ఏట్లో కొట్టుకుపోతుంటే ఆవిడే మోకాటి లోతు నీళ్ళలోకి దిగి పట్టుకుంది. పడవ వెళ్ళిపోయాక దాన్ని చంకన పెట్టుకుని డాబా ఎక్కి కూర్చుంది. మర్నాడు అబ్బులు నాటుపడవ మీద వచ్చి, పాచిపట్టిన మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కుక్క బతికింది, భూలక్ష్మి బతికింది, అబ్బులికి కుంటినడక మిగిలింది.

ఆస్పత్రిలో అతని మంచం పక్కన కూర్చున్నది హైమ, భూలక్ష్మి అక్క కూతురు. అప్పటికి పశువైద్యం చివరి ఏడు చదువుతోంది.

"కుక్క కలబడకుండా, మొరక్కుండా మూటలా పడుకుంటే పడవలో ఎక్కించుకుంటారా బాబాయ్?" అని అడిగింది.

"మూటలా పడుకుంటే మీ పిన్నిని కూడా ఎక్కించుకుంటారమ్మా," అన్నాడు అబ్బులు.

హైమ నవ్వలేదు. ఆ పిల్లకి ఒక ఆలోచన పట్టుకుంటే అంతే.

చదువయ్యాక పట్నంలో ఒక పరిశోధనశాలలో చేరింది. వేసవిలో చెరువు ఎండిపోతే అడుగున మట్టిగడ్డలో దూరి, తిండీ నీళ్ళూ లేకుండా తొలకరి దాకా పడుకునే కప్పలుంటాయి. పొలం దున్నేటప్పుడు నాగలికి తగిలితే రాయనుకుని విసిరేస్తాం, తడి తగిలితే ఆ రాయే కళ్ళు విప్పుతుంది. ఆ కప్ప చర్మంలో ఊరే పదార్థం మీద పడింది హైమ. దాన్ని కుక్క ఒంటికి సరిపడేలా మార్చి, మెడపట్టీలోంచి చర్మంలోకి ఇంకేలా చేసింది. మొదట పడుకోబెట్టింది మినుము అనే నల్లకుక్కని. వారం పడుకుని లేచింది. బరువు తగ్గలేదు, గుండె బాగుంది, కాళ్ళు తడబడలేదు. ప్రొఫెసర్ దీక్షితులు మిఠాయి తెప్పించారు.

మినుముని పిల్లప్పటినుంచీ సాకిన భద్రం పాలగిన్నె పట్టుకుని, "రావే మినపగుండూ," అని పిలిచాడు. మినుము అతని వైపు చూసింది. గోడని చూసినట్టు చూసి, నేరుగా హైమ కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంది. హైమ ఎన్నడూ దానికి అన్నం పెట్టిన మనిషి కాదు.

కారణం వెతికితే తేలింది. హైమ చున్నీ జారి బోను మీద పడి ఉండిపోయింది. లేచిన కుక్కకి ముందు తగిలిన వాసన అదే.

"నిద్రలో దాని ముక్కుకి తెలిసిన మనుషులందరూ చెరిగిపోతున్నారు," అన్నారు దీక్షితులు. "లేచేటప్పుడు ఏ మనిషి వాసన తగిలితే ఆ మనిషే దానికి లోకం. ఇందులో ఇబ్బందేముంది? యజమాని బట్ట ఒకటి సంచిలో పెడితే సరి."

సరే అనిపించింది. భద్రం మాత్రం ఆ పూట అన్నం తినలేదు. హైమ అది చూసింది, చూసి పనిలో పడిపోయింది.

ఈ వరదకి ముందు, జ్యేష్ఠంలో పట్టీలు, సంచులు పట్టుకుని జీలుగులంక వచ్చింది. వరద సామాను ఎలా సర్దుకుంటామో కుక్కకీ అలాగే సర్దమంది. సంచి, సీసాలో నీళ్ళు, లేచాక పెట్టడానికి గుప్పెడు ఎండుచేపలు, మెడపట్టీ మీద ఇంటిపేరు. చివరికి, "మీరు కట్టి విడిచిన బట్ట ఒకటివ్వండి. మీ వాసన ఉన్నది," అంది.

అందరూ బుద్ధిగా తలూపారు. కానీ మా లంకల్లో విడిచిన బట్ట పరాయి చేతికి ఇవ్వడమంటే నడివీధిలో నీళ్ళోసుకున్నంత పని. పైగా తీసుకునేది డాక్టరు. ఆ బట్ట పట్నం వెళ్తుందనీ, అక్కడ కోట్లేసుకున్నవాళ్ళు విప్పి చూస్తారనీ ఎవరికి వాళ్ళే ఊహించేసుకున్నారు.

"మురికి చీరిత్తే మా అక్క పరువేం కానూ? పిన్నింట్లో సబ్బుక్కూడా గతి లేదనుకోరా?" అంది భూలక్ష్మి. శుభ్రంగా ఉతికి, ఆరేసి, సత్యవేణి బండి దగ్గరికి పట్టుకెళ్ళింది. అక్కడ అప్పటికే నలుగురున్నారు. ఎవరి చేతిలో చూసినా ఉతికిన బట్టే.

రేవు పక్కన ఇస్త్రీ బండి సత్యవేణిది. బొగ్గుల పెట్టె మీద మునివేళ్ళతో నీటి బొట్టు విదిలించి వేడి చూసుకుంటుంది. చెంబెత్తి నోటినిండా నీళ్ళు పట్టి, బట్ట మీద ఒక్క ఊపున చిమ్ముతుంది. చేత్తో చల్లితే చుక్కలు చుక్కలుగా పడి మరకలౌతాయి. ఆమె చిమ్మితే మంచు పడ్డట్టు బట్టంతా సమంగా తడుస్తుంది. ఆమె ఇస్త్రీ చేసిన చీర మడత అరిటాకు చీరినట్టుంటుందని ఊళ్ళో పేరు.

హైమ ఆ మడతల్ని చూసి మురిసిపోయింది. మా వాళ్ళు ఎంత శ్రద్ధగా ఇచ్చారో అనుకుంది. ఒక్కో సంచిలో ఒక్కో మడతా పెట్టింది.

శ్రావణంలో ఏరు వచ్చింది. జీలుగులంక ఎన్నడూ అంత మర్యాదగా కదల్లేదు. కుక్కలన్నీ మూటల్లో కూరగాయల్లా పడవెక్కాయి. ఒక్క మొరుగు లేదు. డాబాల మీద ఎవరూ మిగల్లేదు. భూలక్ష్మి పడవలో దొర సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "ఈసారి మీ తుంటికేం భయం లేదు," అంది మొగుడితో.

నీరు తీశాక ఒక ఉదయం బడి మైదానంలో హైమ పట్టీలు విప్పింది. ఎవరి సంచి దగ్గర వాళ్ళు కూర్చున్నారు. శిబిరమంతా చుట్టూ మూగింది, పల్లాలమ్మ ముందువరసలో ఉంది. భూలక్ష్మి పెరుగన్నం గిన్నె పట్టుకుని దొర చెవి నిమురుతోంది.

దొర తుమ్మింది. కళ్ళు విప్పింది. ముట్టె చీర మడతలో దూర్చి, గుండెల నిండా ఒక పొడుగాటి ఊపిరి తీసింది. అప్పుడే పుట్టిన దూడలా వణుకుతూ లేచి నించుంది.

"దొరా! నా నాయనే! ఇటు రా," అంది భూలక్ష్మి. గిన్నె దాని ముందుకి చాపింది.

దొర ఆవిడకేసి చూసింది. తోక కూడా ఊపింది, కొత్తింటికి వచ్చిన చుట్టం వాకిట్లో వాళ్ళని చూసి నవ్వినట్టు. తర్వాత ముట్టె గాలిలోకి ఎత్తి, మైదానం దాటి, గట్టు వారగా నడిచింది. దాని వెనక రంగయ్యగారి మచ్చకుక్క. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే అన్నీ.

గట్టు కింద సత్యవేణి బండి పెట్టుకుని శిబిరం ఆఫీసర్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. చిన్నప్పుడు పిక్క పట్టుకుని కరిచిన దగ్గర్నుంచీ ఆమెకి కుక్కంటే చచ్చే భయం. తలెత్తి చూసేసరికి ఊరి కుక్కలన్నీ తన మీదికే వస్తున్నాయి. ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే బండెక్కేసింది.

"అమ్మో! ఓలమ్మో! పిలవండీ వీటిని! ఎవరివి ఆళ్ళు పిలుచుకోండి! నేనేం చేసానర్రా మీకు!"

కుక్కలు బండి చుట్టూ కూర్చుని, తోకలతో నేల ఊడుస్తూ, ఆమె మొహంలోకి చూస్తున్నాయి. మైదానమంతా నవ్వు. పల్లాలమ్మ పొట్ట పట్టుకుంది. కానీ జీలుగులంక వాళ్ళ నవ్వు ఒక్కో ఇంటిదీ ఆగిపోతూ వచ్చింది. పేరు పెట్టి పిలిచినవాళ్ళ గొంతులు పెద్దవయ్యాయి, తర్వాత చిన్నవయ్యాయి. భూలక్ష్మి గిన్నె పట్టుకుని అక్కడే నించుండిపోయింది.

మందు పెట్టిందన్నారు. బొగ్గుల్లో ఏదో వేసిందన్నారు. సత్యవేణి ఊరుకునే మనిషి కాదు.

"కుక్కని చూత్తే నాకు ఒణుకు. మందెట్టి మరీ తెచ్చుకుంటానా? ఆఁ? తీసుకుపోండి బాబూ, దండం పెడతాను. ఆటి వల్ల నా బేరాలు పోతన్నాయి. బట్టలిత్తాకి ఒక్కరు రావట్లేదు!"

తీసుకుపోయారు. గొలుసులేశారు. గొలుసేసిన కుక్క తిండి మానేసి రేవు వైపు మొహం పెట్టి కూర్చునేది. విప్పితే బండి దగ్గరికి.

హైమ ఆ బట్టలన్నీ పట్నం పట్టుకెళ్ళి ముక్కలు చేసి యంత్రానికిచ్చింది. సబ్బులు ఒక్కో ఇంటిదీ ఒక్కోరకం. బొగ్గు పొగ అన్నింటిలోనూ ఉంది, కానీ పొగ మనిషి కాదు. చీరైనా, పంచైనా, ప్రతి బట్టలోనూ మిగిలి ఉన్న మనిషి ఒక్కరే. లాలాజలం, అని చూపించింది యంత్రం. హైమకి రేవు పక్కన బండీ, ఎత్తిన చెంబూ, గాల్లో మంచులా లేచిన తుంపరా కళ్ళ ముందుకొచ్చాయి. పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. తనూ ఆ ఊరి పిల్లే. విడిచిన బట్ట ఇవ్వమంటే వాళ్ళమ్మయినా ఉతికే ఇస్తుంది.

"తప్పు తేలింది కదా, దిద్దుకోవచ్చు," అన్నారు దీక్షితులు. "ఇంకోసారి పడుకోబెట్టు. ఈసారి ఉతకని బట్ట పెట్టు."

మినుముకి అలాగే చేసి చూశారు. భద్రం చెమట బనీను పెట్టారు. లేచి భద్రం దగ్గరికి వెళ్ళింది. అతను సంబరంగా ఎత్తుకున్నాడు. నాలుగు రోజులయ్యాక ఎందుకో దిగాలుగా వచ్చాడు.

"నాతోనే ఉంటాందమ్మా. కానీ బనీను తీసి అవతల పెడితే గోడకేసి చూత్తా కూచుంటాంది. పిలిత్తే తలెత్తదు. ముక్కు దగ్గర చెయ్యి పెడితేనే లేత్తాంది. ఇది మన మినుమేనంటావా?"

హైమ దాన్ని మరోసారి పడుకోబెట్టే ధైర్యం చేయలేదు.

జీలుగులంకలో ఈలోపు కొత్త అలవాటొకటి మొదలైంది. పొద్దున్నే సత్యవేణి బండి తెరవకముందు భూలక్ష్మి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చునేది. ఆమె కూర్చుంటే దొర కూర్చునేది, దొర కూర్చుంటే అన్నం తినేది. వాకిలి బయట తక్కిన కుక్కలు వరుసలో ఉండేవి, ఆ తర్వాత రంగయ్యగారింటికి వెళ్ళాలని వాటికీ తెలుసు.

మొదట్లో భూలక్ష్మి ముభావంగా గిన్నె పెట్టేసి లోపలికి పోయేది. తర్వాత సత్యవేణికి కాఫీ ఇవ్వక తప్పింది కాదు. కాఫీ ఇచ్చాక మాటలూ తప్పలేదు.

"పెద్ద తిండిగాడేనక్కా," అంది సత్యవేణి ఒకరోజు, దొర వీపు మీద రెండు వేళ్ళు ఆనించి. మొత్తం చెయ్యి వేసేంత ధైర్యం ఇంకా రాలేదు.

"నీకేం తెలుసు దాని తిండి. ఎండు మెత్తళ్ళ చేపలు కలిపితే గిన్నె కూడా కొరుకుద్ది."

"నాకేం తెలుసు, తెలీదు. నువ్వు చెప్పు."

భూలక్ష్మి చెప్పింది. పాలు పితికేటప్పుడు తన్నే గేదెకీ తనకీ మధ్య వచ్చి నిలబడేదని, జీలుగు చేలో ముందు నడిచి పాముల్ని అదిలించేదని, అబ్బులుతో నడిస్తే ప్రతి మలుపులోనూ ఆగి అతను కుంటుకుంటూ వచ్చేదాకా వెనక్కి చూసేదని. సత్యవేణి విన్నది. దొర కూడా ఎవరిదో కుక్క గురించి చెబుతున్నట్టు విన్నది.

"నిన్న జామతోట మలుపులో ఎదురుపడిందే," అన్నాడు అబ్బులు, నవ్వుతూనే. "ఆగలేదు. నేను కుంటోణ్ణని దానికి తెలీదు గదా మరి. మామూలు మనిషనుకుని పక్కనుంచి పోయింది. నాకు కాసేపు బాగానే అనిపించింది."

భూలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది.

భాద్రపదంలో మళ్ళీ హెచ్చరిక వచ్చింది. ఇస్త్రీ తుంపర సంగతి హైమ అందరికీ చెప్పేసింది కనుక, ఆ కబురు కన్నా ముందే భూలక్ష్మి సిద్ధమైంది. ముతక నేత చీర ఒకటి కట్టి, విప్పకుండా తిరిగింది. దాంతోనే పాలు పితికింది, దాంతోనే పొయ్యి ఊదింది, దాంతోనే పడుకుంది. అబ్బులు మంచం వాకిట్లోకి మార్చుకున్నాడు. మిగతా ఇళ్ళలోనూ అదే వరస. మడత నలగని మనిషి ఊళ్ళో కనబడలేదు. అందరిదీ ఒకటే లెక్క, ఈ నిద్రతో ఎవరి కుక్క వాళ్ళకి తిరిగొచ్చేస్తుంది.

రేవులో రెండు పడవలు ఆగాయి. తహసీల్దారు రెయిన్‌కోటు వేసుకుని నించున్నాడు. కుర్ర ఆఫీసరు, మంచివాడే. నిద్రపోయే కుక్కల్ని పడవెక్కించొచ్చని పోయిన వరదకి ముందు పైకి రాసి ఒప్పించింది అతనే. మెలకువగా ఉన్న కుక్కకి ఇప్పటికీ చోటు లేదు. నీళ్ళు మొదటి మెట్టు దాటాయి. హైమ పట్టీల పెట్టె తెరిచింది. కుక్కలన్నీ సత్యవేణి చుట్టూ ఉన్నాయి, పట్టీ వెయ్యాలంటే ఆమె పట్టుకోవాల్సిందే.

భూలక్ష్మి చీర మార్చుకుని వచ్చి, విడిచిన చీర ఉండలా చుట్టి తెచ్చింది.

"ఇదిగోనమ్మా. దీంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు."

హైమ దాన్ని అందుకుంది. అందుకుని సంచిలో పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది.

"పిన్నీ, ఒక మాట."

"చెప్పు, నీరొచ్చేత్తంది."

"ఇది పెడితే దొర నీ దగ్గరికే వస్తుంది. తప్పకుండా వస్తుంది. కానీ రెండోసారి పడుకున్న కుక్క మొదటిసారి లేచినట్టు లేవదు. మా దగ్గర ఒకటి ఉంది. దానికి మనిషి కన్నా బట్టే ఎక్కువైపోయింది. పిలిస్తే తెలీదు. బయటికి వెళ్దామనీ అనిపించదు. తింటుంది, కూర్చుంటుంది."

"తర్వాత బాగుపడుద్దా?"

"నాకు తెలీదు పిన్నీ. తెలిస్తే చెప్పనా?"

వెనకనున్నవాళ్ళు విన్నారు. రంగయ్య తన పంచె ఉండని రెండో చేతిలోకి మార్చుకున్నాడు. సత్యవేణి దొర మెడ పట్టుకుని నించుంది, ఈసారి అరచెయ్యంతా వేసి.

"అక్కా, నీ ఇష్టం. ఎయ్యమంటే పట్టుకుంటాను," అంది. ఆమె గొంతులో 'ఎయ్యమనకు' అన్న మాట వినబడుతూనే ఉంది.

భూలక్ష్మి ఒంగి దొర మొహంలోకి చూసింది. ఆవిడ చేతులకి ఆ చీర వాసన ఇంకా ఉంది. దొర ముట్టె చాపి ఆ చేతిని వాసన చూసింది. ఆసక్తిగా, ఇదేదో బాగుందే అన్నట్టు చూసింది. తోక రెండుసార్లు ఊపింది. తర్వాత తల తిప్పి ఏట్లో కొట్టుకుపోతున్న అరటిబోదెని చూసి చెవులు రిక్కించింది, దాన్ని తనే పట్టుకోవాలన్నంత ఆత్రంగా.

"చూడు, ఎంత హుషారుగా ఉందో ఎదవ," అంది భూలక్ష్మి. హైమ చేతిలోంచి చీర లాక్కుని ఏట్లోకి విసిరేసింది. "ఎయ్యొద్దు. ఇలాగే ఉండనీ."

రంగయ్య పంచె ఉండని రేవు మెట్టు మీద వదిలేశాడు. ఒకరొకరుగా మిగతావాళ్ళూ.

"మరి వీటినేం చేద్దామమ్మా? మెలకువగా ఉన్నవాటిని ఎక్కించడానికి లేదు," అన్నాడు తహసీల్దారు.

"మీరెక్కించక్కర్లేదండి," అంది భూలక్ష్మి. "సత్యవేణీ, నువ్వెళ్ళి పడవ మధ్యలో కూచో."

సత్యవేణి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పడవెక్కింది. దొర ఒక్క గెంతులో ఆమె పక్కన చేరింది. మచ్చకుక్క, తెల్లకుక్క, ఈతకాయంత తోకదీ, ఒకదాన్నొకటి తోసుకోకుండా ఎక్కి ఆమె కాళ్ళ చుట్టూ సర్దుకున్నాయి. గుర్రుమన్నది లేదు. పడవ చుక్కాని పట్టుకున్న మనిషి నోరు తెరిచాడు. ఒకరి కోసమే వచ్చినవాటికి తమలో తమకి తగువేముంటుంది? తక్కిన జనం చుట్టూ కూర్చున్నారు. భూలక్ష్మి చివరి బల్ల మీద, అబ్బులు పక్కన.

ఏరు మధ్యకి వచ్చేసరికి తహసీల్దారు మొహం వెలిగిపోతోంది.

"మందూ వద్దు, సంచీ వద్దు! డాక్టరుగారూ, గమనించారా? ఒక్కసారి పడుకోబెడితే చాలన్నమాట. లంకకో మనిషిని చూసుకుని, ఊళ్ళో కుక్కలన్నింటికీ ఆ మనిషి బట్టే పెడితే, ఇక ప్రతి వరదకీ ఆ ఒక్కరు పడవెక్కితే అన్నీ ఎక్కేస్తాయి. నేను పైకి రాస్తాను. మీ పేరు మీదే రాస్తాను. జిల్లా అంతా ఇదే చేద్దాం."

హైమ పట్టీల పెట్టె మూత బిగించి నీళ్ళకేసి చూస్తోంది. సత్యవేణి కాళ్ళ మధ్యలో దొర తల పెట్టుకుంది.

"మీరేమంటారమ్మా?" అన్నాడతను భూలక్ష్మి వైపు తిరిగి. ఎవరైనా ఔననాలని అతనికి ఉంది. "ఇన్నేళ్ళుగా తేలని పని తేలిపోయింది. మీరు బతికారు, కుక్కలన్నీ బతికాయి. ఇంతకన్నా ఏం కావాలి?"

"కుక్కలన్నీ బతికినయ్యి బాబూ," అంది భూలక్ష్మి. "మాకే కుక్కల్లేవు."